రెండు హెడ్‌ఫోన్ల వాక్‌మన్

ఆదివారం. టిఫిన్ అయ్యాక పాత వాక్‌మన్, అంటే వెంట పట్టుకెళ్ళి హెడ్‌ఫోన్లతో వినే చిన్న క్యాసెట్ ప్లేయర్, ముందేసుకుని కూర్చున్నాను. మా బాబాయి దుబాయ్ నుంచి తెచ్చింది. లోపలి రబ్బరు బెల్టు కరిగి తారులా పుల్లీకి అతుక్కుపోయింది. దూది స్పిరిట్‌లో ముంచి తుడిచి, కొత్త బెల్టు ఎక్కించేసరికి మధ్యాహ్నమైంది. మోటారు నుంచి టేపుని లాగే ఇరుసు దాకా తిరుగుడు చేరవేసేది ఈ బెల్టే. అది కాస్త సాగినా చాలు, టేపు నెమ్మదించి పాట ఈడ్చుకుంటూ వస్తుంది.

పక్కన చేరిన మా అమ్మాయి అడిగింది: "నాన్నా, హెడ్‌ఫోన్ పెట్టే రంధ్రాలు రెండున్నాయేంటి?"

ఎంత మంచి ప్రశ్నో! భోజనాల దగ్గర కూడా అదే కబురు.

మొదటి వాక్‌మన్‌ని సోనీ 1979 జులై 1న జపాన్‌లో అమ్మకానికి పెట్టింది. ధర 33,000 యెన్లు. సంస్థ స్థాపకుల్లో ఒకరైన మసారు ఇబుకాకి దూరాభారపు విమాన ప్రయాణాల్లో పాటలు వినాలని కోరిక. విలేకరుల కోసం అప్పటికే ప్రెస్‌మన్ అనే చిన్న టేప్ రికార్డర్ ఉంది. ఇంజనీర్లు అందులోంచి రికార్డింగూ స్పీకరూ తీసేసి, స్టీరియో పెట్టి ఇచ్చారు. రికార్డ్ చెయ్యలేని టేప్ మెషీన్ ఎవరు కొంటారని కంపెనీలోనే సందేహాలు. ఇంకో స్థాపకుడు అకియో మోరితా పట్టుబట్టి బయటికి తెచ్చారు. పక్కన మనిషి ఉండగా ఒక్కరే చెవులు మూసుకుని పాటలు వినడం మర్యాద కాదేమోనని ఆయన బెంగ. అందుకే రెండు జాక్‌లు. పైగా నారింజ రంగు బటన్ ఒకటి: నొక్కితే పాట తగ్గి, చిన్న మైకులోంచి పక్కవాళ్ళ మాట వినపడుతుంది. ఒక యంత్రం గురించి ఇంత మన్ననగా ఆలోచించారంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

తీరా చూస్తే జనం ఎవరిది వాళ్ళే కొనుక్కున్నారు. తర్వాతి మోడళ్ళలో ఆ బటన్ పోయింది, మెల్లగా రెండో జాక్ కూడా.

ఆ తర్వాత పోటీ అంతా ఎన్ని పాటలు పడతాయన్నదాని మీదే నడిచింది. 1998లో టేపు లేకుండా, కంప్యూటర్ నుంచి ఎంపీ3 అనే పాటల ఫైళ్ళు ఎక్కించుకునే రియో ప్లేయర్ వచ్చింది. అందులో 32 ఎంబీ, అంటే ఓ అరగంట సంగీతం. దానికే అమెరికా రికార్డు కంపెనీలు కోర్టుకెళ్ళి ఓడిపోయాయి. సోనీకి సొంతంగా రికార్డు కంపెనీ ఉండటంతో కాపీల భయం పట్టుకుంది. దాని తొలి డిజిటల్ ప్లేయర్లు ఎంపీ3ని నేరుగా పాడేవి కావు. అన్నిటినీ తన సొంత ఫార్మాట్‌లోకి మార్చుకోవాల్సిందే. వినేవాళ్ళని అనుమానించిన కంపెనీ వెనకబడిందంటే నాకు న్యాయంగానే అనిపిస్తుంది. 2001 అక్టోబరులో ఆపిల్ 5 జీబీ ఐపాడ్ తెచ్చింది. తోషిబా చేసిన 1.8 అంగుళాల హార్డ్ డిస్కులో వెయ్యి పాటలు! మెనూల పేటెంటు గొడవలో 2006లో క్రియేటివ్ అనే పోటీ ప్లేయర్ల సంస్థకి పది కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చినా ఆపిల్ జోరు తగ్గలేదు.

అమ్మాయికి ఇవేవీ అంతగా పట్టలేదు. "మరి ఇద్దరు కలిసి వినేది మళ్ళీ ఎవరూ చెయ్యలేదా?" అంది.

చేశారు. 2006 నవంబరులో వచ్చిన మైక్రోసాఫ్ట్ వారి జ్యూన్ అనే ప్లేయర్‌లో వైఫై ఉండేది. దగ్గర్లో ఇంకో జ్యూన్ ఉంటే పాట పంపొచ్చు. ఐపాడ్‌లో లేని సౌకర్యం అది, మోరితా ఆలోచనకి దగ్గరి చుట్టం. కానీ అందుకున్నవాళ్ళు ఆ పాటని మూడుసార్లే వినాలి, అదీ మూడు రోజుల్లోపు. ఆ తర్వాత అది మోగదు. నువ్వే పాడి రికార్డ్ చేసి స్నేహితురాలికి పంపినా అదే గతి అని చెప్తే పిల్ల నమ్మలేదు. "నా పాటకి కూడానా?" అని రెట్టించింది. నీ పాటకి కూడా. ఈ పోటీలో ఎన్నో ప్లేయర్లు ఓడిపోయాయి కానీ, నాకు నిజంగా కోపమొచ్చేది దీని మీదే. ఇంత మంచి ఆలోచన చేతికొచ్చాక దానికి గడువు పెట్టారు. 2011లో జ్యూన్ ప్లేయర్ల తయారీ ఆపేశారు.