ఎదురుగాలి పందెం

హన్మకొండ నుంచి కాళేశ్వరానికి సైకిల్ మీద వెళ్లడానికి జూలై మంచి నెలేనా అని ఎవరైనా అడిగితే, వెళ్లడానికి మంచిది, రావడానికి కాదు అని చెబుతాను. నైరుతి గాలి వీపు మీద చెయ్యి వేసి నెట్టినట్టుగా ఈశాన్యం వైపు తీసుకుపోతుంది. తిరుగు దారిలో ఆ గాలే ఎదురుగా నిలబడుతుంది. అన్నీ తెలిసే మేం జూలైని ఎంచుకున్నాం. మూడు వారాల సైకిల్ రేసు టూర్ ద ఫ్రాన్స్ జరిగేది ఆ నెలలోనే మరి.

2025 టూర్ జూలై 5న లిల్ నగరంలో మొదలైంది, 27న పారిస్‌లో ముగిసింది. రోజుకో స్టేజి చొప్పున 21 స్టేజీలు, 3,300 కిలోమీటర్లకు పైగా దారి, 23 జట్లు, జట్టుకు 8 మంది. అన్ని స్టేజీలూ కలిపి తక్కువ సమయంలో ముగించినవాడు మొత్తం రేసు విజేత. ఇందులో పిరనీస్ పర్వతాల మీది పెద్ద స్టేజీలు 17, 18, 19 తేదీల్లో వరుసగా పడ్డాయి. అక్కడ సాయంత్రం ఐదు దాటాక స్టేజి ముగుస్తుంటే మనకు రాత్రి తొమ్మిది కావస్తుంటుంది. అంటే పగలు మేం తొక్కవచ్చు, చీకటి పడ్డాక వాళ్లు తొక్కేది చూడవచ్చు. ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తోచలేదు.

నాతో వచ్చింది మా బావ, ఇంకా లెక్కల సార్. సార్ మాకు చదువు చెప్పిన మాస్టారు కాదు, కానీ హన్మకొండలో సైకిల్ తొక్కేవాళ్లందరికీ ఆయన సారే. పదవీ విరమణ చేశాక ఉదయం నడకకు బదులు సైకిల్ పట్టారు. స్టేజి రేసుల లెక్క ఆయన నోట వినాలి. 1989 టూర్‌లో గ్రెగ్ లెమాండ్ చివరి రోజు 50 సెకన్ల వెనుకబాటుతో బయల్దేరి, ఒక్కొక్కరుగా గడియారంతో పోటీపడే ఇరవై నాలుగున్నర కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో దాన్ని పూడ్చి, లొరాఁ ఫిన్యోను 8 సెకన్ల తేడాతో ఓడించిన కథ ఆయన ఎన్నిసార్లు చెప్పినా వింటాను. మూడు వారాలు తొక్కాక మిగిలిన తేడా 8 సెకన్లు!

పందెం కాయాలన్నది బావ ఆలోచన. డబ్బు వద్దన్నది నేను. ఈ విషయంలో నాకు పట్టుదల ఉంది. క్రికెట్ పందేల యాప్‌లలో అప్పులపాలై ఇల్లు అమ్ముకున్న కుటుంబం మా వీధిలోనే ఉంది. ఆ ఇంటి పెద్దాయన ముఖం చూశాక డబ్బు పందెం సరదా అని నేను అనలేను. తెలంగాణ గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించారు. మేం వెళ్లివచ్చాక ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం సంగతి అలా ఉంచితే, డబ్బు పెట్టినవాడు ఆట చూడడు, తన డబ్బును చూసుకుంటాడు. మాకు కావలసింది రేసు.

అందుకని సార్ ఒక నియమం పెట్టారు. రాత్రి పందెంలో ఓడినవాడు మర్నాడు ముందు తొక్కాలి. సైకిల్ తొక్కనివాళ్లకు ఇది శిక్షలా అనిపించకపోవచ్చు. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోతుంటే అతని వెనుక చక్రానికి జానెడు, మూరెడు దూరంలో అంటిపెట్టుకుని తొక్కేవాడికి నాలుగో వంతు శక్తి సులువుగా మిగులుతుంది. టూర్‌లో జట్టు ఉండేది ఇందుకే. ఎనిమిది మందిలో ఒకరు గెలవడానికి మిగిలినవాళ్లు రోజంతా గాలిని మీద వేసుకుంటారు, నీళ్ల సీసాలు మోస్తారు, అవసరమైతే తమ చక్రం ఊడదీసి నాయకుడికి ఇస్తారు. మొత్తం రేసు గెలిచినవాడికి దక్కే 5 లక్షల యూరోలను ఆనవాయితీగా జట్టు పంచుకుంటుంది. అది దయ కాదు, వాళ్లకు రావలసిన వాటా.

మొదటి రోజు దారి సులువు. గూడెప్పాడ్ దగ్గర పరకాల రోడ్డును వదిలి ములుగు రోడ్డు పట్టాం. ఆత్మకూరు, కటాక్షపూర్ చెరువు, మల్లంపల్లి దాటుతుంటే పత్తి చేలల్లో కలుపు తీస్తున్న ఆడవాళ్లు తలెత్తి చూశారు. ములుగులో చాయ్ తాగి, జంగాలపల్లి నుంచి పాలంపేటకు తిరిగాం. రామప్ప గుడి గురించి ఇక్కడ కొత్తగా చెప్పను. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది, నీళ్లలో తేలే ఇటుకలతో శిఖరం, ఇవి బడిపిల్లలకూ తెలుసు. సార్ మాత్రం నల్లరాతి మదనికల కింద చాలాసేపు నిలబడి, "కట్టించిన సేనాని పేరు కాకుండా చెక్కిన శిల్పి పేరుతో పిలుస్తారు చూడు ఈ గుడిని. సైకిల్ రేసులో ఇది ఎప్పుడు జరుగుతుందో" అన్నారు.

ఆ రాత్రి ఓతకామ్ స్టేజి. పదమూడున్నర కిలోమీటర్ల ఎక్కుడు, సగటున నూటికి ఎనిమిది దాకా వాలు. ఈ టూర్‌లో గెలుపు కోసం పోటీపడే ఇద్దరు పెద్ద రైడర్లు యోనాస్ వింగెగార్డ్, తాదే పొగాచర్. అక్కడే 2022లో వింగెగార్డ్ పొగాచర్‌ను వెనక్కి నెట్టి టూర్ గెలుపును ఖాయం చేసుకున్నాడు. పైగా ముందు రోజే తులూజ్ దగ్గర పొగాచర్ కింద పడ్డాడు. అతను లేచి వచ్చేదాకా పోటీదారులు వేగం తగ్గించి ఆగారు. ఇదంతా లెక్క వేసుకుని నేను వింగెగార్డ్ అన్నాను. బావ పొగాచర్, అరనిమిషం తేడా అన్నాడు. సార్ పొగాచరే, నిమిషంన్నర అన్నారు.

సిగ్నల్ ఆగి ఆగి వస్తోంది. బొమ్మ నిలిచిపోయి మళ్లీ కదిలేసరికి పొగాచర్ ఒక్కడే ఉన్నాడు. శిఖరం ఇంకా పన్నెండు కిలోమీటర్లు ఉండగానే వెళ్లిపోయాడు. చివరికి తేడా 2 నిమిషాల 10 సెకన్లు. మొత్తం సమయంలో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ బెన్ హీలీ ఒంటి మీది నుంచి అతని ఒంటికి వచ్చింది. ఇటలీలో ముందు రోజు జరిగిన మరో రేసులో పడిపోయి చనిపోయిన సామ్యూలే ప్రివితెరా అనే కుర్రాడికి ఆ గెలుపును అంకితం ఇచ్చాడు. ఆ పిల్లవాడికి 19 ఏళ్లు. మేం పందెం ఊసు ఎత్తకుండా కాసేపు ఉండిపోయాం. కొండ దిగేటప్పుడు గంటకు డెబ్బై, ఎనభై కిలోమీటర్ల వేగంతో, ఒంటి మీద పల్చటి బట్టతో పోయే మనుషుల మీద పందెం కాస్తున్నామని మరిచిపోకూడదు.

మర్నాడు ముందు తొక్కడం నా వంతు. గణపురం కోటగుళ్ల దాకా గాలి నా పక్షానే ఉంది కాబట్టి శిక్ష శిక్షలా లేదు. భూపాలపల్లి దగ్గర మాత్రం బొగ్గు లారీలు. లారీ దాటిపోయేటప్పుడు మొదట పక్కకు తోస్తుంది, ఆ వెంటనే తనవైపు లాగుతుంది. ఆ రెండు క్షణాల మధ్య హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకోకూడదు, వదలకూడదు. తడిసిన బొగ్గుపొడి చైనుకు పట్టి కరకరమంటుంటే కాటారంలో ఆగి గుడ్డతో ఒక్కో లంకె తుడుచుకున్నాం. అక్కడి నుంచి మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం దాకా టేకు చెట్ల మధ్య తొక్కిన దారి ఈ యాత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం. చినుకులు పెద్ద ఆకుల మీద పడుతుంటే వర్షం ఉన్నదానికంటే పెద్దగా వినిపిస్తుంది.

కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాల సందడి మే నెలతోనే పోయింది. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గర్భగుడిలో మేం, ఇంకో నాలుగు కుటుంబాలు. ఘాట్ దగ్గర గోదావరి, ప్రాణహిత కలిసి ఎర్రగా, జోరుగా పోతున్నాయి. స్నానం చేసి వచ్చేసరికి టైమ్ ట్రయల్ మొదలైపోయింది.

లూదన్‌వియెల్ నుంచి పేరాగూడ్ దాకా 10.9 కిలోమీటర్లు, ఒక్కొక్కరుగా, చాలావరకు ఎక్కుడే. కొండ మీద చిన్న విమానాలు దిగే పట్టీ మీద ముగింపు. వెనుక దాక్కోవడానికి ఎవరి చక్రమూ దొరకదు. పొగాచర్ గెలుస్తాడని ముగ్గురికీ తెలుసు కాబట్టి పందెం నిలవదు. యూరప్‌లో చట్టబద్ధంగా పందేలు కట్టించుకునేవాళ్లకూ ఇదే చిక్కు. అందుకే వాళ్లు స్టేజి గెలిచేదెవరు, ఫలానా ఇద్దరిలో ఎవరు ముందు, కొండలు బాగా ఎక్కేవాడికి ఇచ్చే జెర్సీ ఎవరిది, ఫేవరెట్‌ను తీసేస్తే మొదటివాడెవరు అంటూ రకరకాలుగా విడదీస్తారు. మేం కూడా పొగాచర్‌ను పక్కన పెట్టాం. సార్ వింగెగార్డ్‌ను తీసుకున్నారు. నేను ప్రిమోజ్ రోగ్లిచ్‌ను తీసుకున్నాను. బావ రెమ్కో ఎవెనెపోల్ అన్నాడు. ఒలింపిక్స్ టైమ్ ట్రయల్ విజేత, ఇదే టూర్‌లో కాన్ దగ్గర చదును నేల మీది టైమ్ ట్రయల్‌ను గెలిచినవాడు. బావ ఎంపికకు వంక పెట్టలేం.

వరండాలో మా పక్కన సిరొంచ నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చున్నారు. నదికి అవతల మహారాష్ట్ర అయినా అక్కడివాళ్ల తెలుగు మన తెలుగే. ఆయన ఫోనులోకి తొంగిచూసి, "ఎంత పెట్టారు బాబూ?" అని అడిగారు.

"కాళ్లు పెట్టాం పెద్దనాన్నా" అన్నాడు బావ. నియమం చెబితే ఆయనకు నచ్చింది. నదివైపు చెయ్యి చూపి, "రేపు గాలి బాగా ఉంటుంది. జాగ్రత్తగా ఎన్నుకో" అన్నారు.

ఎవెనెపోల్ బయల్దేరిన రెండు నిమిషాలకు వింగెగార్డ్ బయల్దేరాడు. చివరి ఎక్కుడులో, విమానాల పట్టీ మీద, ఎవెనెపోల్ భుజాలు అటూ ఇటూ ఊగుతున్నాయి. ఆ బొమ్మలోకే వెనుక నుంచి వింగెగార్డ్ వచ్చాడు. రెండు నిమిషాల తేడా కళ్ల ముందే కరిగిపోయింది. పొగాచర్ సరిగ్గా 23 నిమిషాల్లో ముగించాడు, అదీ మామూలు రోడ్డు సైకిల్ మీద. వింగెగార్డ్ 36 సెకన్లు వెనుక, రోగ్లిచ్ మూడో స్థానం. ఎవెనెపోల్ పన్నెండోవాడు. బావ ఏమీ అనకుండా లేచి తన సైకిల్ టైర్లలో గాలి చూసుకున్నాడు.

తిరుగు దారి గురించి పెద్దాయన చెప్పింది నిజమే. మహదేవపూర్ అడవి ఉన్నంతసేపు చెట్లు కాస్త అడ్డుకున్నాయి. కాటారం దాటాక గాలి ఎదురుగానే. బావ గడ్డం హ్యాండిల్‌కు ఆనేంతగా వంగి తొక్కుతున్నాడు. మేం వెనుక ఒదిగి ఉన్నాం. ముందువాడి భుజం ఏ వైపు వాలుతుందో చూసి గాలి ఏ పక్క నుంచి కొడుతుందో కనిపెట్టి, చక్రాన్ని బెత్తెడు అటో ఇటో జరుపుకోవాలి. భూపాలపల్లి చేరేసరికి బావ వేగం గంటకు పద్నాలుగు కిలోమీటర్లకు పడిపోయింది. సార్ మాట్లాడకుండా గేరు మార్చి ముందుకు వచ్చారు.

"మీరు గెలిచారు కదా సార్, వెనకే ఉండండి" అన్నాడు బావ.

"నువ్వు పడిపోతే నా గెలుపును నేనేం చేసుకోనయ్యా? నీళ్లు తాగి నా వెనక పట్టు."

రేగొండ దాకా సార్, పరకాల దాకా నేను, ఆ తర్వాత వంతులు. నియమం చెడిందని ఎవరమూ అనలేదు. తులూజ్‌లో పడిన పొగాచర్ కోసం పోటీదారులు ఆగిన దృశ్యం నాకు అప్పుడు ఇంకొంచెం బాగా అర్థమైంది.

హన్మకొండలో మా ఇంటికి చేరేసరికి సూపర్‌బాన్యేర్ స్టేజి సగం అయిపోయింది. తుర్మలె కొండ ఎక్కుతుండగా ఎవెనెపోల్ రేసు వదిలేశాడని తెలిసింది. బావ ఇంకా చెమట బట్టల్లోనే ఉన్నాడు. "నిన్ననే అతని కాళ్లలో ఏమీ లేదన్నమాట" అన్నాడు. ఆ మాటలో పందెం ఓడిన బాధ లేదు, తొక్కేవాడి మీద తొక్కేవాడికి ఉండే బాధ ఉంది.

ఆ స్టేజిని ముందే విడిపోయిన చిన్న గుంపులోంచి థైమన్ ఆరెన్స్‌మన్ ఒక్కడే వెళ్లి గెలిచాడు. పొగాచర్ 1 నిమిషం 8 సెకన్లు వెనుక వచ్చాడు. మా ముగ్గురిలో ఎవరమూ ఆరెన్స్‌మన్ పేరు చెప్పలేదు. స్టేజి రేసు మీద పందెం ఎందుకు కష్టమో సార్ ఆ రాత్రి విడమరిచి చెప్పారు. అందరికంటే బలవంతుడు ఎవరన్న ప్రశ్నకు జవాబు అందరికీ తెలుసు. అడగాల్సింది ఇవాళ ఎవరికి ఏం కావాలి అని. నాలుగు నిమిషాలు ముందున్నవాడికి ఈ స్టేజి అక్కర్లేదు, వింగెగార్డ్‌ను కళ్ల ముందు ఉంచుకుంటే చాలు. మొత్తం రేసులో ఎంతో వెనుక ఉన్న ఆరెన్స్‌మన్ వెళ్లిపోతే అతనికి వచ్చిన నష్టం లేదు. అలా వదిలేస్తారని తెలిసినవాడే పొద్దున్నుంచీ ప్రాణం పెట్టి తొక్కుతాడు.

ఆ లెక్కతోనే మంగళవారం మోన్ వాంటూ కొండ స్టేజికి సార్ ఎవరి పేరూ చెప్పలేదు. "ముందు విడిపోయే గుంపులోంచి ఎవడో ఒకడు" అన్నారు. నేను పొగాచర్ అన్నాను, బావ వింగెగార్డ్ అన్నాడు. పొగాచర్, వింగెగార్డ్ వెనుక కొట్లాడుకుంటుండగా, శిఖరం మీద వాలెంటిన్ పారె-పాంత్ర, బెన్ హీలీని చివర్లో దాటి గెలిచాడు. ఆ ఏడాది టూర్‌లో ఫ్రాన్స్ రైడర్‌కు దక్కిన మొదటి స్టేజి అది.

పందెం బాకీ తీర్చడానికి ఆదివారం నర్సంపేట మీదుగా పాఖాల చెరువుకు వెళ్లాం. పోయేటప్పుడు బావ ముందు, వచ్చేటప్పుడు నేను ముందు. సార్ రెండు వైపులా వెనకే కూర్చుని, పారిస్ చివరి స్టేజిలో ఈసారి కొత్తగా మోంమార్త్ర్ కొండ ఎక్కిస్తున్నారు కాబట్టి చదును దారిలో ఆఖరి పరుగులో గెలిచే స్ప్రింటర్ల మీద పందెం కాయవద్దని దారి పొడవునా చెబుతూనే ఉన్నారు. ఆ రాత్రి అక్కడ వౌట్ వాన్ ఆర్ట్ పొగాచర్‌ను కొండ మీదే వదిలించుకుని గెలిచాడు.