తోకలో బియ్యం, ముక్కులో పెయింటు

మంగళవారం, డాలస్

ఈ ఉద్యోగంలో చేరకముందు నా భయమంతా స్టీరింగ్ గురించే. షాపింగ్ సెంటర్ల వెనక సందుల్లోకి 28 అడుగుల ట్రైలర్‌ని రివర్స్‌లో ఎలా పెడతానా అని నిద్ర పట్టేది కాదు. తీరా చూస్తే రోజు మొత్తంలో తేలికైన పని నడపడమే. అసలు టెన్షన్ అంతా ట్రైలర్ లోపల ఏ సరుకు ఎక్కడుందన్న దాని దగ్గరే.

మాది ఎల్‌టీఎల్ కంపెనీ. ఒక్కరి సరుకుతో లారీ నిండనప్పుడు పదిమందిది కలిపి వేసుకెళ్తాం. మన దగ్గర పార్శిల్ సర్వీసు లారీలు చేసే పనే, కాకపోతే ఇక్కడ అంతా ప్యాలెట్ల మీద, అంటే సరుకు పేర్చే చెక్క పీటల మీద. రాత్రి వేరే ఊళ్ళ నుంచి వచ్చిన సరుకును డాక్ (సరుకు ఎక్కించి దించే అరుగు) మీది వాళ్ళు ఫోర్క్‌లిఫ్ట్‌లతో దించి, తెల్లారేలోపు రూట్ల వారీగా మా ట్రైలర్లలోకి ఎక్కిస్తారు. ముందు దించాల్సింది తలుపుల దగ్గర తోకలో ఉండాలి, చివర దించాల్సింది లోపల ముక్కులో. చెప్పుకోవడానికి ఇంతే.

ఇవాళ నా మొదటి స్టాపు కారల్టన్‌లో ఒక పెయింటు డీలరు. తొమ్మిదికల్లా అక్కడుండాలని అపాయింట్‌మెంట్. రెండోది ఇర్వింగ్‌లో ఇండియన్ గ్రోసరీ షాపు, వాళ్ళు తలుపు తీసేదే పదింటికి. డాక్ మీదికెళ్ళి ట్రైలర్‌లోకి తొంగిచూస్తే తోక నిండా సోనా మసూరి ప్యాలెట్లు. పెయింటు డ్రమ్ములు ఎక్కడో ముక్కులో ఉన్నాయి. ఇద్దరి మధ్యలో ఎవరివో కమోడ్ల పెట్టెలు.

బళ్ళని రూట్ల మీదికి పంపే డిస్పాచర్ 'ఇప్పటికే లేటు, బయల్దేరు, దారిలో చూసుకోవచ్చు' అన్నాడు. దారిలో ఏం చూసుకుంటాను? పెయింటు డీలర్ దగ్గర బియ్యం దించి రోడ్డు మీద పెట్టి, పెయింటు దించి, మళ్ళీ బియ్యం ఎక్కించాలా? నేను కదల్లేదు. ఫోర్క్‌లిఫ్ట్ తెచ్చుకుని అన్నీ బయటికి లాగి, వరస మార్చి పెట్టాను. అరగంట పట్టింది. ఆ అరగంటా డిస్పాచర్ నావైపు చూసిన చూపు సంగతి రాయను కానీ, డాక్ మీద అరగంటలో అయ్యే పని రోడ్డు మీద పూట తినేస్తుందని వాడికీ తెలుసు.

ఇలా ముందే తొంగిచూడమని నేర్పింది మా టెర్మినల్‌లో ఒక పెద్దాయన. 'కాగితాన్ని నమ్మకు, తలుపు తీసి కళ్ళతో చూడు' అంటాడు. ఆయన ఎల్లో అనే ట్రక్కింగ్ కంపెనీలో ఇరవై ఏళ్ళకు పైగా చేశాడు. 2023 జులై చివర్లో ఆ కంపెనీ మూతపడి దాదాపు 30 వేల మంది ఉద్యోగాలు పోయినప్పుడు ఈయనా బయటికొచ్చాడు. ఈ రంగంలో ఏది కావాలన్నా సీనియారిటీనే. మంచి రూటు, పగటి షిఫ్టు, పండక్కి సెలవు, అన్నీ లిస్టులో నీ పేరు ఎక్కడుందో దాన్నిబట్టే. కంపెనీ మారితే ఆ లెక్క మళ్ళీ సున్నా నుంచే మొదలు. అంత అనుభవమున్న మనిషి మా లిస్టులో నాకంటే కొద్దిగానే పైన ఉన్నాడు. కుర్రాళ్ళతో కలిసి ఎండలో ప్యాలెట్లు లాగుతాడు. నాకైతే కడుపు మండుతుంది. ఆయన మాత్రం దాని గురించి జోకులేస్తాడు.

పెయింటు మండే సరుకు. ఇలాంటివి 1,001 పౌండ్లు ఉన్నాయంటే ట్రైలర్‌కి నాలుగు వైపులా ఎర్ర డైమండ్ ఆకారం హెచ్చరిక బోర్డులు పెట్టాల్సిందే. అవి ఉన్న బండి నడపాలంటే లైసెన్స్ మీద హజ్‌మ్యాట్ ఎండార్స్‌మెంట్ (ప్రమాదకర సరుకు నడిపే అనుమతి) కావాలి. అంటే రాత పరీక్ష, వేలిముద్రలు, రవాణా భద్రత చూసే టీఎస్‌ఏ వాళ్ళ తనిఖీ. ఆ సరుకు వివరాలుండే కాగితాల రూలు నాకు భలే నచ్చింది. సీటు బెల్టు పెట్టుకుని కూర్చుంటే చేతికి అందేలా ఉండాలి. బండి దిగినప్పుడు డ్రైవర్ సీటు మీదో, తలుపు జేబులోనో పెట్టి దిగాలి. నాకేదైనా అయితే ఫైర్ వాళ్ళు వెతుక్కోకుండా ఆ రెండు చోట్లా చూస్తారన్నమాట. రూలు పెట్టినవాడు ఎప్పుడో ఒక ప్రమాదం దగ్గర నిలబడి ఆలోచించినట్టుంది.

కారల్టన్‌లో పని చకచకా అయిపోయింది. వాళ్ళకి డాక్ ఉంది, ఫోర్క్‌లిఫ్ట్ ఉంది. ఇర్వింగ్ షాపుకి రెండూ లేవు. వెనక పార్కింగ్, అదీ కాస్త వాలుగా. దించాలంటే బండి వెనక పైకీ కిందికీ కదిలే పలక, లిఫ్ట్‌గేట్, అదొక్కటే దిక్కు. ఇరవై పౌండ్ల సంచులు వంద పేర్చిన ప్యాలెట్ అంటే రెండు వేల పౌండ్లు, మన లెక్కలో తొమ్మిది క్వింటాళ్ళ పైమాటే. ప్యాలెట్ జాక్‌తో (ప్యాలెట్ కింద ఫోర్కులు దూర్చి ఎత్తి లాగే చేతిబండి) దాన్ని గేటు మీదికి లాగాక వెంటనే ఫోర్కులు కిందికి దించేయాలి. లేకపోతే చక్రాలు వాలు ఎటుంటే అటు బయల్దేరతాయి. అది జారిందా, పట్టుకోబోకూడదు, పక్కకి తప్పుకోవాలి. ట్రైనింగ్‌లో ఈ మాట ఎన్నిసార్లు చెప్పారో. బియ్యం పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు, కాలు పోతే ఎవరిస్తారు?

సరుకు దించుకోవడానికి వచ్చిన కుర్రాడు నా ఫోన్‌లో అమ్మ గొంతు విన్నాడు.

'మీరు తెలుగా అన్నా?'

'అవును తమ్ముడూ, తెనాలి.'

'మాది కరీంనగర్. ఐటీ వదిలేసి ఈ పనేందన్నా?'

ఐటీ అని వాడికి ఎవరు చెప్పారో! 'నేను వదల్లేదు తమ్ముడూ, అదే నన్ను వదిలేసింది' అన్నాను. పడీపడీ నవ్వాడు. ఫ్రిస్కోలో పుట్టినరోజు పార్టీలకు వెళ్తే ఇదే ప్రశ్న అందరి మొహాల్లోనూ కనిపిస్తుంది, నోరు తెరిచి మాత్రం ఎవరూ అడగరు. వీడే నయం.

సంతకం పెట్టేసి పోబోతుంటే ఆపాను. ఒక ప్యాలెట్‌కి ప్లాస్టిక్ చుట్ట చిరిగి, అడుగు సంచి మూల నుంచి బియ్యం కారుతున్నాయి. డెలివరీ రసీదు మీద 'ఒక సంచి డ్యామేజీ' అని రాయించి, అప్పుడు సంతకం పెట్టించాను. ఏమీ రాయకుండా సంతకం పెడితే సరుకు బాగానే అందిందని ఒప్పుకున్నట్టే. తర్వాత క్లెయిమ్ వేసినా నిరూపించుకోవడం కష్టం. మన కంపెనీకి నష్టం కదా అని ఎవరైనా అనొచ్చు. కానీ కారే సంచి ఎదురుగా కనిపిస్తుంటే కప్పిపుచ్చి సంతకం తీసుకోవడం నావల్ల కాదు.

మధ్యాహ్నం నుంచి పికప్‌లు, అంటే పంపేవాళ్ళ దగ్గర సరుకు ఎక్కించుకోవడం. ఫోన్‌లో రెండు ప్యాలెట్లు అన్నవాడి దగ్గర నాలుగు ఉండటం మామూలే. చట్టం ప్రకారం డ్యూటీ ఎక్కాక 14 గంటలు దాటితే బండి నడపకూడదు, ఆ లోపల కూడా నడిపేది 11 గంటలకు మించకూడదు. సిటీ రూట్లలో 11 గంటలు ఎవరు నడుపుతారు? ఎక్కడం, దిగడం, సంతకాల కోసం నిలబడటం, ఇదే సరిపోతుంది.

సాయంత్రం టెర్మినల్‌కి వచ్చేసరికి లైన్‌హాల్ డ్రైవర్లు రాత్రి ప్రయాణానికి రెండేసి ట్రైలర్లు తగిలించుకుంటున్నారు. బరువైనది ముందు, తేలికది వెనక, మధ్యలో రెంటినీ కలిపే చక్రాల డాలీ. వాళ్ళు సరుకు ముట్టుకోరు, ఊరి నుంచి ఊరికి నడపడమే. అందరూ ఆ పని కావాలంటారు. నాకు రాత్రిళ్ళు నిద్ర కావాలి, నాకొద్దు.

త్వరలో రూట్ల బిడ్ ఉంది, ఎవరికి ఏ రూటో ఎంచుకోవడం. సీనియర్లంతా ఏరుకున్నాక మిగిలిందే నాకు. ఏది మిగిలినా సరే, ఇళ్ళ డెలివరీలు తక్కువుంటే చాలు. మా పని సరుకు వాకిట్లో దించడం వరకేనని ఎంత చెప్పినా, ట్రెడ్‌మిల్ మేడ మీద బెడ్‌రూమ్‌లో పెట్టి వెళ్ళమనే వాళ్ళతో నేను వేగలేను.