ద్రీనా నది వెంట

బోస్నియా రాజధాని సారయేవో నుంచి ఫోచా అనే ఊరికి వెళ్లే బస్సు కోసం అడిగితే నగరానికి అటు చివర, తూర్పు సారయేవో బస్‌స్టేషన్‌కు పొమ్మన్నారు. ఒకే నగరానికి రెండు బస్‌స్టేషన్లు. 1995 డేటన్ ఒప్పందం 1992లో మొదలైన బోస్నియా యుద్ధాన్ని ఆపింది కానీ దేశాన్ని రెండు పాలనలుగా పంచింది: బోస్నియాక్‌లు (బోస్నియా ముస్లింలు), క్రొయేట్ల సమాఖ్య ఒకటి, సెర్బుల రిపబ్లికా స్ర్పస్కా మరొకటి. మధ్యలో చెక్‌పోస్టు ఉండదు. రోడ్డు పక్క బోర్డుల మీద సెర్బులు వాడే సిరిలిక్ లిపి పెరుగుతూ వస్తుంది, అంతే.

చివరికి కారు మాట్లాడుకున్నాను. డ్రైవరు యాభై దాటిన సారయేవో మనిషి. ఎక్కడికని అడిగి, ఫోచా, విషెగ్రాద్ అని చెప్పగానే, "విషెగ్రాద్‌లో వంతెన ఉంది, సరే. ఫోచాలో చూడటానికి ఏమీ పెట్టలేదు కదా" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో రెండు గంటల్లో తెలిసింది.

ఫోచా చుట్టూ కొండలు, పక్కనే ద్రీనా. పచ్చని నీళ్లు, తెప్పల మీద కేరింతలు కొట్టే పర్యాటకులు. ఊళ్లో పార్టిజాన్ అనే పాత క్రీడాశాల ఉంది. 1992 వేసవిలో చుట్టుపక్కల గ్రామాల ముస్లిం మహిళలను, పిల్లలను తెచ్చి అందులో బంధించారు. రాత్రిళ్లు సెర్బు సైనికులు వచ్చి కావలసినవారిని ఎంచుకుని తీసుకెళ్లేవారు. పోలీసు ఠాణా దగ్గర్లోనే ఉంది. కొందరిని ఇళ్లలో నెలల తరబడి బానిసలుగా ఉంచుకున్నారు, అమ్ముకున్నారు. అలా అమ్ముడుపోయినవారిలో పన్నెండేళ్ల పిల్ల కూడా ఉంది. ఆమె ఆచూకీ తర్వాత దొరకలేదు. తల్లి హేగ్‌కు వెళ్లి సాక్ష్యం చెప్పింది.

ఇవేవీ పుకార్లు కావు. 2001 ఫిబ్రవరి 22న హేగ్‌లోని యుద్ధ నేరాల అంతర్జాతీయ ట్రిబ్యునల్‌లో జాంబియా న్యాయమూర్తి ఫ్లోరెన్స్ ముంబా తీర్పు చదివారు. ముగ్గురికి 28, 20, 12 ఏళ్ల జైలు. ఆ ట్రిబ్యునల్ లైంగిక బానిసత్వాన్ని మానవాళిపై నేరంగా శిక్షించడం అదే మొదలు. అంత పెద్ద తీర్పుకు కారణమైన భవనం దగ్గర నేను వెతికింది ఒక చిన్న రాతిపలక కోసం. కనబడలేదు. బాధిత మహిళలు 2004లో పెట్టబోతే స్థానికులు అడ్డుకున్నారు. అదే ఊళ్లో, 1992లో పేల్చేసిన 16వ శతాబ్దపు అలాజా మసీదును, శిథిలాల్లో దొరికిన పాత రాళ్లు కలిపి మళ్లీ కట్టి 2019లో తెరిచారు. చక్కగా కట్టారు, సందేహం లేదు. కట్టడానికి దక్కిన పాటి మన్నన ఆ ఆడవాళ్లకు దక్కలేదన్న కోపం మాత్రం నాకు ఆ ప్రాంగణంలో నిలబడ్డంతసేపూ తగ్గలేదు.

గొరాజ్దె మీదుగా విషెగ్రాద్‌కు వెళ్తుంటే డ్రైవరు డబ్బు సంగతి ఎత్తాడు. సమాఖ్యలో 2006 నుంచి అత్యాచార బాధితులను పౌర యుద్ధ బాధితులుగా గుర్తించి నెలనెలా భృతి ఇస్తున్నారు. రిపబ్లికా స్ర్పస్కాలో అలాంటి చట్టం 2018 దాకా రాలేదు. పరిహారం కోసం కోర్టుకెక్కిన కొందరికి గడువు దాటిందని దావా కొట్టేసి, పైగా ఎదుటి పక్షం ఖర్చులు కూడా మీరే కట్టండన్నారు. "ఓడిపోయింది కాబట్టి బిల్లు ఆమెదే!" అని స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టాడు.

కాసేపాగి, మీ దేశంలో ఎలా అని అడిగాడు. వాకపల్లి గురించి చెప్పాను. 2007 ఆగస్టులో విశాఖ మన్యంలో కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోంధు మహిళలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు దర్యాప్తు లోపాలను తప్పుబడుతూనే నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టి, ఆ మహిళలకు పరిహారం ఇమ్మంది. "నేరమే రుజువు కానప్పుడు పరిహారం దేనికి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

విషెగ్రాద్ వంతెన అందమైనదే. ఒట్టోమన్ మంత్రి సోకొలోవిచ్ పాషా కట్టించిన పదకొండు కమానులు, 2007 నుంచి యునెస్కో వారసత్వ సంపద. 1992లో మనుషులను చంపి నదిలో పడేసింది దాని మీది నుంచే. ఫోటో తీసుకుని ఎక్కువసేపు నిలబడలేదు.

అక్కడి నుంచి కొద్ది కిలోమీటర్లు, పైన్ చెట్ల మధ్య విలినా వ్లాస్. వేడినీటి ఊటల ఆరోగ్య కేంద్రం, హోటలు. డ్రైవరు కారు దిగలేదు. లోపల ఈతకొలను, పక్కన తడి రబ్బరు చెప్పులు, కుర్చీల మీద ఆరేసిన తువ్వాళ్లు. ఒక పెద్దావిడ తన మోకాలు చూపించి, ఈ నీళ్లు బాగా పనిచేస్తాయని సైగలతో చెప్పింది. ఆవిడ మీద కోపం తెచ్చుకోలేను. 1992లో సెర్బు సాయుధ నాయకుడు మిలాన్ లూకిచ్ ముఠా మకాం ఈ హోటలే. ఇక్కడ దాదాపు 200 మంది మహిళలను నిర్బంధించారని, బతికి బయటపడ్డవారు కొద్దిమందేనని బాధితుల సంఘం చెబుతుంది. లూకిచ్‌కు హేగ్‌లో యావజ్జీవం పడింది, కానీ మనుషులను ఇళ్లలో పెట్టి తగలబెట్టినందుకు, చంపినందుకు. అత్యాచారాలు అభియోగపత్రంలోనే లేవు. ప్రాసిక్యూటర్లు 2008లో చేర్చబోతే ఆలస్యమైందని న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. ఆ ఊరి మనిషే అయిన బకీరా హసెచిచ్ తన మీద జరిగినదాన్ని బాహాటంగా చెప్పి, సారయేవోలో యుద్ధ బాధిత మహిళల సంఘం నడుపుతూ ఏళ్లుగా అడుగుతున్నది ఇదే: మా కేసు ఎక్కడ?

గోడలన్నీ చూశాను. చికిత్సల వివరాలు ఉన్నాయి, వేళలు ఉన్నాయి. 1992 లేదు.

ఆ దారిన వెళ్లేవారికి ఒక మాట. విషెగ్రాద్‌లో బస చేయడానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి. గది తీసుకునే ముందు హోటలు పేరు చూసుకోండి.