తిథిని విడదీయబోతే పంచాంగం మొత్తం వెంటపడింది

శనివారం

ఏకాదశి ముందురోజు అమ్మ ఫోన్‌కి మెసేజ్ పంపే చిన్న ప్రోగ్రాం రాద్దామనుకున్నా. సరదాకి పైథాన్‌లో రాసుకుంటున్న పంచాంగంలో తిథి లెక్క ఎలాగూ ఉంది, ఆ ఫైలొక్కటి పట్టుకెళ్తే చాలనుకున్నా. తీరా చూస్తే దానికి పంచాంగం ఫైలు కావాలంది, దానికేమో పీడీఎఫ్ ముద్రించేది కావాలి. మొత్తం 14 ఫైళ్లు, 41 క్లాసులు (డేటా, దానిమీద పనిచేసే ఫంక్షన్లు కలిపి కట్టిన మూసలు). ఎవరికి ఎవరు కావాలో బొమ్మ గీసి చూడాల్సిందే.

పైథాన్ కోడ్‌లో తప్పులు వెతికే పైలింట్ వేసుకుంటే, కోడ్ చదివి ఇలాంటి బొమ్మలు గీసే పైరివర్స్ దాంతోపాటే వస్తుంది. పీఎన్‌జీ బొమ్మ కావాలంటే, డబ్బాలూ బాణాలూ గీసే గ్రాఫ్‌విజ్ విడిగా వేసుకోవాలి. ప్యాకేజీ పేరిస్తే క్లాసులకో బొమ్మ, ఫైళ్లకో బొమ్మ గీసిచ్చింది. మొదటిది చూస్తే చీపురు విప్పి నేలమీద చల్లినట్టుంది. ‘కె’ ఆప్షన్ ఇచ్చాక మెథడ్లు (క్లాసు లోపలి ఫంక్షన్లు), అట్రిబ్యూట్లు (లోపలి డేటా) పోయి క్లాసుల పేర్లు మాత్రం మిగిలాయి. ‘సి’ పెట్టి తిథి క్లాసు పేరిస్తే దాని చుట్టాలు మాత్రమే వచ్చాయి. ఇదైతే చదవొచ్చు.

ఆదివారం

ఖాళీ త్రికోణం ఉంటే వారసత్వం, అంటే ఒక క్లాసు ఇంకోదాన్నుంచి పుట్టిందని. వజ్రం గుర్తుంటే ఒక క్లాసు ఇంకోదాని ఆబ్జెక్టుని (ఆ మూసతో తయారైనదాన్ని) తనలో ఉంచుకుందని. నేను బోల్తాపడింది ఇక్కడే. సెల్ఫ్‌కి (అంటే ఆ ఆబ్జెక్టుకే) గానీ, క్లాసుకి గానీ తగిలించినవాటికే బాణం వస్తుంది. మెథడ్ లోపల తయారుచేసి అక్కడే వాడి పారేసిన ఆబ్జెక్టుకి రాదు. క్లాసుల బొమ్మలో తిథికీ పంచాంగానికీ మధ్య తిథివైపు నుంచి గీతే లేదు. మరి ఫైలెందుకు అడుగుతున్నట్టు?

సోమవారం

కోడ్‌ని చెట్టులా విడదీసి చూపే పైథాన్ ఏఎస్‌టీ మాడ్యూల్‌తో సొంతంగా 30 లైన్ల స్క్రిప్టు రాశా. ప్రతి ఫైలూ చదివి, ఫంక్షన్ల లోపల ఉన్నవాటితో సహా ఇంపోర్టులన్నీ (వేరే ఫైళ్లని తెచ్చుకునే లైన్లు) ఏరి, గ్రాఫ్‌విజ్‌కి అర్థమయ్యే ఫైలుగా రాస్తుంది. పేర్లు తెలుగులో పెడితే అన్నీ డబ్బాలే వచ్చాయి. ఫాంటుగా నోటో సాన్స్ తెలుగు పెట్టాక సరిపోయింది.

ఏ ఫైలుకి ఏది కావాలో చూపే బాణాలు 33. కంటితో వెతకలేక, గ్రాఫ్‌విజ్‌తోనే వచ్చే ఎస్‌సీసీమ్యాప్‌కి ఇచ్చా. చుట్టూ తిరిగి తమ దగ్గరికే వచ్చే గుంపుల్ని అది విడిగా చూపిస్తుంది. గుంపు ఒక్కటే దొరికింది: తిథి, పంచాంగం, ముద్రణ.

తెరిచి చూస్తే తిథి ఫైల్లో ఒక ఫంక్షన్ లోపల, 88వ లైన్లో, పంచాంగాన్ని ఇంపోర్ట్ చేసుకుని ఉన్నా! ఫైళ్లు చుట్టూ తిరిగి ఒకదాన్నొకటి తెచ్చుకుంటుంటే వచ్చే సర్క్యులర్ ఇంపోర్ట్ ఎర్రర్ ఎప్పుడో వస్తే, లైనుని పైనుంచి తీసి లోపల దాచిన ఘనకార్యం నాదే. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకి అదే తిథి కదా, ఆ సూర్యోదయ సమయం కోసం పంచాంగం క్లాసుని పిలిచా.

బుధవారం

సూర్యోదయ సమయాన్ని ఆ ఫంక్షన్‌కి బయటినుంచే ఆర్గ్యుమెంటుగా పంపేలా మార్చా. 88వ లైను తీసేశా. ఎస్‌సీసీమ్యాప్ ఇప్పుడు ఏ గుంపూ చూపించట్లేదు.

ఆ తర్వాతే గ్రాఫ్‌విజ్‌లోదే ఇంకోటి, టీరెడ్ నడిపా. ఒక చోటికి వేరే దారి ఉంటే నేరుగా వెళ్లే బాణాన్ని అది తీసేస్తుంది. 32 కాస్తా 18 అయ్యాయి. అలా చుట్టూ తిరిగే చక్రం ఉండగా నడిపితే ఏ బాణాలు తీసేస్తుందో నమ్మలేం. ఇంకో సంగతి, ఇందులో బాణం లేదని ఇంపోర్టు లేదనుకోకూడదు. అందుకే రెండు బొమ్మలూ పక్కపక్కన అంటించుకున్నా.

ఏకాదశి ప్రోగ్రాంకి ఇప్పుడు తిథి, గ్రహస్థానాలు, ఈ రెండు ఫైళ్లు చాలు. సూర్యోదయం మటుకు ప్రస్తుతానికి ఉదయం 6 అని చేత్తో రాసిపెట్టా, ఆ లెక్క ఇంకా పంచాంగం క్లాసులోనే ఇరుక్కుని ఉంది. వచ్చే శనివారం పని అదే.