బల్గేరియాలో బస: హోటల్ కంటే ముందు పేట చూడాలి

విజయవాడలో మాకు తెలిసిన కుటుంబాలు ఈ మధ్య యూరప్ యాత్ర అనుకోగానే బల్గేరియా సంగతి అడుగుతున్నాయి. పశ్చిమ యూరప్ నగరాలతో పోలిస్తే అక్కడ బసకూ భోజనానికీ ఖర్చు బాగా తక్కువ. పైగా 2024 మార్చి 31న విమాన, ఓడ ప్రయాణాలకు, 2025 జనవరి 1న భూమార్గాలకు కూడా ఆ దేశం షెన్‌గెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల) పరిధిలోకి వచ్చింది కాబట్టి షెన్‌గెన్ వీసా ఉంటే బల్గేరియాకు వేరుగా వీసా తీసుకోవలసిన పని లేకుండా పోయింది. అడిగేవారిలో ఎక్కువమంది 'ఏ హోటల్ చవక?' అన్న ప్రశ్నతోనే మొదలుపెడతారు. ఏ పేటలో దిగాలో తేల్చుకున్న తరువాతే ఆ ప్రశ్నకు అర్థం ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను.

దుర్గమ్మ దర్శనానికి వచ్చే బంధువులకు మనం ఏం చెబుతామో గుర్తు చేసుకోండి. ఎనికేపాడు వైపు హైవే మీద గది కాస్త తక్కువకు దొరికినా, ఆటోలకయ్యే డబ్బూ దారిలో పోయే సమయమూ లెక్కవేసి, స్టేషనుకూ బస్టాండుకూ అందుబాటులో ఉండే గాంధీనగర్‌లోనో గవర్నర్‌పేటలోనో దిగమంటాం. బల్గేరియా రాజధాని సోఫియాలోనూ ఇదే లెక్క వర్తిస్తుంది.

సోఫియా విమానాశ్రయం రెండవ టెర్మినల్ దగ్గరే మెట్రో స్టేషన్ ఉంది. అక్కడ ఎక్కితే అరగంట లోపే నగరం నడిబొడ్డున ఉన్న సెర్డికా స్టేషన్‌లో దిగవచ్చు. సెర్డికా అన్నది రోమన్ల కాలంలో ఆ నగరం పేరు. స్టేషన్ నుంచి బయటకు వచ్చే దారిలోనే ఆనాటి వీధుల, గోడల శిథిలాలు కనిపిస్తాయి. బాన్యా బాషి మసీదు, పాత స్నానశాల భవనం, దాని పక్కన జనం సీసాలతో వేడి ఖనిజ జలం ఉచితంగా పట్టుకునే కొళాయిలు, దుకాణాలున్న పాదచారుల వీధి వితోషా బులెవార్డ్, కాస్త ఎక్కువ నడిస్తే అలెగ్జాండర్ నెవ్‌స్కీ కెథడ్రల్, ఇవన్నీ అక్కడి నుంచి కాలినడకనే చూడవచ్చు. అందువల్ల మొదటిసారి వెళ్లేవారు సెర్డికా చుట్టుపక్కల వీధుల్లో చిన్న హోటలో అద్దె అపార్ట్‌మెంటో చూసుకోవడం మంచిది. కాకపోతే వితోషా బులెవార్డ్ మీదికే తెరుచుకునే గదికి అద్దె ఎక్కువ, రాత్రి సందడీ ఎక్కువ. రెండు వీధులు లోపలికి వెళితే రెండూ తగ్గుతాయి.

నగరం మధ్యలో మరీ ఖరీదనిపిస్తే మెట్రో మార్గాన్ని పట్టుకుని కొంచెం దూరం వెళ్లాలే తప్ప, మెట్రో లేని చోట చవక గది వెతకకూడదు. లొజెనెట్స్ చెట్లతో ప్రశాంతంగా ఉండే పేట, అయినా అంత చవక కాదు. మ్లాడోస్ట్‌లో సోషలిస్టు కాలపు పెద్ద పెద్ద ప్యానెల్ భవనాలు వరుసగా ఉంటాయి. బయటి గోడలు వెలిసిపోయి కనిపించినంత మాత్రాన లోపలి ఫ్లాట్ అలాగే ఉంటుందని అనుకోవలసిన పని లేదు, చాలావాటిని చక్కగా బాగుచేయించి అద్దెకిస్తారు. ఇలాంటి చోట వీధి పేరు ఒక్కటే చాలదు కనుక బ్లాకు సంఖ్య, ద్వారం, అంతస్తు కూడా ముందుగానే రాయించుకోవాలి. రైల్వేస్టేషన్, బస్‌స్టేషన్ పక్కపక్కనే ఉన్న ప్రాంతంలో గదులు చవకే, కానీ తెల్లవారుజామున బస్సు పట్టుకోవాలంటే తప్ప కుటుంబంతో అక్కడ ఉండమని నేను చెప్పను. విద్యార్థులు నిండిన స్తుదెంత్‌స్కి గ్రాద్‌లో రాత్రంతా క్లబ్బుల హోరు ఉంటుంది. పెద్దలకు అది ఏమాత్రం తగదు.

మనవాళ్ల విషయంలో వంటగది సంగతి ప్రత్యేకంగా ఆలోచించాలి. శాకాహారులకు టమాటా, దోసకాయ, తెల్ల చీజ్ కలిపిన షోప్‌స్కా సలాడ్, చిక్కుడు గింజల సూప్, దోసకాయ ముక్కలు కలిపిన చల్లని పెరుగు సూప్ తారాటోర్ దొరుకుతాయి; చీజ్‌తో పొరలు పొరలుగా కాల్చే బానిత్సాలో సాధారణంగా గుడ్డు పడుతుందని గుర్తుంచుకోవాలి. అయినా పూటపూటా ఇవే తినమంటే మన పెద్దవాళ్లు నీరసపడతారు. చిన్న వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే, సెర్డికాకు దగ్గరలోనే ఉన్న జెన్‌స్కి పజార్ అనే సంతలో కూరగాయలు కొనుక్కుని, దుకాణంలో బియ్యం తెచ్చుకుని ఒక పూట వండుకోవచ్చు. పెరుగుకైతే ఆ దేశమే పెట్టింది పేరు. పెరుగు తోడుకునేలా చేసే ఒక సూక్ష్మజీవికి శాస్త్రంలో బల్గేరియా పేరే పెట్టారు. పరాయి దేశంలో రాత్రి పూట పెరుగన్నం తినగలిగితే మన ఇంటి పెద్దలకు ఎంత ఊరటగా ఉంటుందో నేను వేరే చెప్పనక్కరలేదు. ఐతే పాత భవనాల్లో లిఫ్ట్ లేనివి చాలా ఉంటాయి కాబట్టి, మోకాళ్ల నొప్పులున్నవారు వెంట ఉంటే ఎన్నో అంతస్తో, లిఫ్ట్ ఉందో లేదో యజమానిని రాతపూర్వకంగా అడగాలి.

ధరలు పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 2026 జనవరి 1 నుంచి అక్కడ యూరో చెలామణిలోకి వచ్చింది. అంతకుముందు వాడిన లెవాలను ఒక యూరోకు 1.95583 చొప్పున మార్చారు. పాత వ్యాసాల్లో కనిపించే లెవా ధరను సుమారు సగం చేస్తే యూరోల్లో ఎంతో తెలుస్తుంది. గది అద్దెలో పర్యాటక పన్ను, శుభ్రపరిచే రుసుము, ఉదయపు ఫలహారం కలిశాయో లేదో కూడా చూడాలి. షెన్‌గెన్ వీసా దరఖాస్తుకు బస వివరాలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి కనుక, వీసా చేతికొచ్చేదాకా ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న బుకింగ్‌లే ఎంచుకోవాలి.

సోఫియా నుంచి సుమారు 145 కిలోమీటర్ల దూరంలో ఉన్న ప్లోవ్‌దివ్ నాకు మరీ ఇష్టమైన ఊరు. 2019 సంవత్సరానికి యూరప్ సాంస్కృతిక రాజధానిగా ఎంపికైన ఈ నగరంలో రోమన్ల నాటి రంగస్థలంలో ఇప్పటికీ ప్రదర్శనలు జరుగుతాయి. కొండ మీది పాత పట్టణంలో బస అందంగానే ఉంటుంది, కానీ గుండ్రాళ్లు పరిచిన ఎత్తుపల్లాల వీధుల్లో చక్రాల సూట్‌కేసు లాగడం కష్టం. కిందనున్న కపానా పేటకు, పాదచారుల ప్రధాన వీధికి దగ్గరలో గది తీసుకుని, పాత పట్టణాన్ని ఖాళీ చేతులతో ఎక్కి చూడటం మేలు.

నల్లసముద్ర తీరంలో ధరలను నిర్ణయించేది నెల. జూలై, ఆగస్టుల్లో సన్నీ బీచ్ అనే రిసార్టు కిటకిటలాడుతుంది, చలికాలంలో అక్కడి హోటళ్లు చాలావరకు మూతపడతాయి. నా మాట వింటే సెప్టెంబరు మొదటి వారాల్లో వెళ్లి, బుర్గాస్ నగరంలో దిగండి. అది ఏడాది పొడవునా జనం నివసించే ఊరు కావడంతో భోజనం, గదులు రిసార్టుల కంటే అందుబాటులో ఉంటాయి, సముద్రం ఒడ్డున పెద్ద ఉద్యానవనం ఉంది, యునెస్కో 1983లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించిన పాత పట్టణం నెసెబార్‌కూ, దక్షిణాన ఉన్న సోజోపోల్‌కూ బస్సులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. మంచు క్రీడలకు పేరున్న బాన్‌స్కోలో లెక్క తలకిందులవుతుంది. అక్కడ వేసవిలోనే వంటగది ఉన్న స్టూడియోలు తక్కువకు దొరుకుతాయి. వెలికో తర్నోవో యాంత్రా నది మలుపుల మీద నిటారుగా కట్టిన ఊరు కాబట్టి, పెద్దలతో వెళ్లేవారు నది వైపు దృశ్యం కోసం దిగువ వీధుల్లో గది తీసుకోకుండా, బస్సు ఆగే ఎగువ ప్రధాన వీధికి దగ్గరలో ఉండటం మంచిది.