తాడు దించని విల్లు

ఈ రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం ముందుగదిలో ఉత్తరపు గోడకు ఉన్న ఒక మేకు. శుక్రవారం సాయంత్రం బావమరిది పిల్లలకు చూపించడానికి నా వెదురు విల్లును వంచి అల్లెతాడు ఎక్కించాడట, చూపించడం అయిపోయాక తాడు దించకుండానే ఆ మేకుకు తగిలించి భోజనానికి కూర్చున్నాడట. నేను కరీంనగర్ నుంచి ఈ ఉదయం తిరిగి వచ్చేదాకా అది అలాగే వేలాడింది. తాడు దించి చూస్తే విల్లు మునుపటిలా నిటారుగా రాలేదు. నా వైపు ఉండే ముఖాన్ని గోడకు ఆనించి నిలబెడితే కొనలు రెండూ గోడను తాకాయి గాని, పిడికీ గోడకూ మధ్య రెండుంపావు అంగుళాల ఎడం వచ్చింది. ఉగాదికి చేసినప్పుడు ఆ ఎడం ముప్పావు అంగుళమే. కాంటా కొక్కేనికి తాడు తగిలించి 28 అంగుళాల దాకా లాగితే 16 కిలోలు చూపించవలసిన ముల్లు పదమూడున్నర దగ్గరే ఆగిపోయింది.

ఫోన్ చేసి అడిగితే బావమరిది, "టీవీల చూసిన విల్లుకు తాడు ఎప్పుడన్న దించుతరా బావా?" అన్నాడు. అతను చూసింది 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచిన పోటీలు. ఆమె చేతిలో ఉన్నది కాంపౌండ్ విల్లు. దాని రెక్కల చివర చక్రాలుంటాయి, ఆ రెక్కలు ఫైబర్‌తో చేసినవి, తాడు దించాలంటే ప్రత్యేకమైన ప్రెస్సు కావాలి కనుక దానికి ఏడాది పొడుగునా తాడు ఉండనే ఉంటుంది. వెదురుకు ఆ ఓర్పు లేదు. విల్లు వంగినప్పుడు గురి వైపు ముఖం సాగుతుంది, మన వైపు ముఖం నలుగుతుంది. వెదురులో గట్టి నారంతా పై తోలును అంటుకొని ఉంటుంది కాబట్టి, తోలును గురి వైపు ఉంచి చేసిన నా వింటిలో సాగే ముఖానికి వచ్చిన ముప్పేమీ లేదు. లోపలి మెత్తని ముఖమే మూడు రోజులపాటు నలుగుతూ ఉండిపోయి, ఆ నలుగుడునే తన ఆకారంగా ఖాయం చేసుకుంది. ఇదంతా ఓపికగా చెబుతుంటే అతను మధ్యలోనే అందుకొని, "గంత కట్టె ముక్కకు గింత లొల్లా బావా" అన్నాడు. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది.

కట్టె ముక్క అనిపించుకోవడానికి ముందు దాని మీద ఎంత పని జరిగిందో ఇక్కడ ఒకసారి రాసుకోవాలనిపిస్తోంది. మేదరి ఆయన దగ్గర తెచ్చిన గట్టి కంక వెదురును చీల్చి, మూడు నెలలు నీడన ఆరబెట్టి, ఆకురాయితో అరగదీస్తూ, పది గీతలకొకసారి తాడు ఎక్కించి రెండు రెక్కలూ సమంగా వంగుతున్నాయో లేదో చూసుకుంటూ చేసిన విల్లు అది. మందం జోలికి వెళ్ళడానికి ఇప్పటికీ నాకు భయమే, ఎందుకంటే మందంలో పదో వంతు తీసేస్తే బిగువులో పావు వంతుకు పైగా పోతుంది. అదే వెడల్పులో పదో వంతు తీస్తే బిగువులోనూ పదో వంతే తగ్గుతుంది. అందుకే జ్యేష్ఠంలో కొనల దగ్గర ఆరేసి అంగుళాల మేర వెడల్పు మాత్రమే తగ్గించి, ముప్పావు అంగుళాన్ని అర అంగుళానికి తెచ్చాను. తాడు వదిలినప్పుడు అన్నిటికంటే వేగంగా కదిలేవి కొనలే కనుక, అక్కడ అనవసరంగా మిగిలిన బరువు బాణానికి చేరవలసిన బలాన్ని తానే వాడుకుంటుంది. సాగే గుణమున్న నైలాను తాడు తీసేసి, పాలిస్టర్ దారం పేని మైనం పట్టించిన తాడు కట్టాను. అదే బాణాన్ని అదే వాలులో వేస్తే అంతకు ముందు 118 అంగలు పోయేది, ఆ రోజు 131 అంగలు పోయింది, పిడి పట్టిన చేతికి అదురు కూడా తగ్గింది. ఆ సాయంత్రం నేను ఎంత సంతోషపడ్డానో ఇంట్లో అందరికీ తెలుసు, బావమరిదికి కూడా తెలుసు.

నాకు పదేళ్ళప్పుడు నాన్న ఏటూరునాగారం దగ్గరి ఆశ్రమ పాఠశాలలో పనిచేసేవారు. బడి వెనక గూడెంలో చివరి ఇల్లు ఒక కోయ తాతది. ఆయన దగ్గర ఆకురాయి లేదు, చిత్రిక లేదు, ఉన్నది ఒక్క కత్తి. దాన్ని వెదురు బద్ద మీద నిలువుగా ఆనించి గీకుతుంటే ఉల్లిపొరలాంటి పొట్టు చుట్టలు చుట్టుకొని ఆయన మోకాళ్ళ మీద పడేది. తాడు కూడా వెదురు తోలు నుంచి చీల్చిన సన్నని బద్దే, దాన్ని రెండు కొసలా నారతో బిగించి కట్టేవాడు. పని అయిపోయాక తాడు దించి, విల్లును పొయ్యికి పైన వాసానికి వేలాడదీసేవాడు. పొగ తగిలి తగిలి అది నల్లగా, నూనె రాసినట్టు నిగనిగలాడేది. ఒక మధ్యాహ్నం ఆయన నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళినప్పుడు, తాడు ఎక్కించి పక్కన పెట్టిన విల్లును నేను తీసుకొని, చేతిలో బాణం లేకుండానే లాగగలిగినంత లాగి వదిలేశాను. ఫట్టుమని వచ్చిన చప్పుడుకు కోళ్ళు చెదిరిపోయాయి. తాత బయటికి వచ్చి నా చేతిలోంచి విల్లు తీసుకున్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. తాడు దించి, ఒక కొన నుంచి రెండో కొన దాకా బొటనవేలి గోటిని మెల్లగా జరుపుతూ ఎక్కడైనా చీలిక తగులుతుందేమోనని చూశాడు. ఎండ వైపు తిప్పి మళ్ళీ చూశాడు. ఆ రెండు మూడు నిమిషాలూ నేను ఊపిరి బిగబట్టుకొని నిలబడ్డాను. చివరికి ఆయన, "అంబు లేకుంట తాడు ఇడవద్దు బిడ్డా, బలమంత కట్టెకే తగుల్తది" అని చెప్పి, మళ్ళీ తాడు ఎక్కించి, నా చేతికి ఒక బాణం ఇచ్చాడు.

ఇక్కడిదాకా రాసిన తరువాత లేచి వంటింట్లోకి వెళ్ళాను, ఎందుకంటే ఆ పొయ్యి మీది వాసం గుర్తుకు రాగానే ఒక సందేహం మొదలైంది. ఈవిడ పిండి తూచుకునే కాంటా మీద విల్లును పెట్టి చూస్తే 512 గ్రాములు చూపించింది. పిడి లోపలి వైపు జ్యేష్ఠంలో కొనలు తగ్గించాక పెన్సిల్‌తో నేనే రాసుకున్న అంకె 480. ఆ పైన చేరిన 32 గ్రాములు వానాకాలపు తేమ తప్ప మరొకటి కావడానికి వీల్లేదు. వినాయక చవితి నుంచి ముసురు విడవలేదు, ఉత్తరపు గోడ ప్రతి ఏడూ చెమ్మ పడుతుంది, ఆ మేకు కొట్టింది నేను, ఉగాది నుంచి వార్నిష్ వేయకుండా వాయిదా వేస్తూ వచ్చిందీ నేనే. తేమ పట్టిన వెదురు మెత్తబడుతుంది, మెత్తబడిన వెదురును వంచి ఉంచితే ఆ వంపు త్వరగా నిలిచిపోతుంది. అంటే పోయిన రెండున్నర కిలోల్లో కొంత తేమ లెక్క, కొంత తాడు లెక్క. అతను తాడు దించి ఉంటే వంపు ఇంత ఉండేది కాదన్న మాట నేను ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కాని పొద్దున ఫోన్లో మొత్తం లెక్క అతని మీదే వేశాను, అదీ స్పీకర్ పెట్టి ఉన్న ఫోన్లో, పక్కన అతని చిన్న కొడుకు, మా చిన్నల్లుడు, వింటుండగా. వాడు దసరా సెలవులకు వచ్చి నేర్చుకుంటానన్న పిల్లవాడు. ఇండియన్ రౌండ్ పోటీల్లో వెదురు విల్లుతోనే 30, 50 మీటర్ల గురి ఉంటుందని నేను చెప్పినప్పటి నుంచి, ఇంటి ముందు 30 మీటర్లు ఎక్కడిదాకా వస్తుందో తాడుతో కొలిచి ముగ్గుపిండితో గీత గీసుకున్నవాడు.

పొద్దున కోపంలో రెండు కొనలూ అంగుళమేసి కోసేద్దామని కూడా అనుకున్నాను. పొట్టి చేస్తే కిలోలు తిరిగి వస్తాయి, నిజమే, కాని అదే 28 అంగుళాల లాగుడుకు పొట్టి రెక్కలు ఇంకా ఎక్కువ వంగాలి, ఇప్పటికే నలిగిన లోపలి ముఖం ఇంకా నలుగుతుంది. రంపం తీసి మళ్ళీ సంచిలో పెట్టేశాను. ముందు తేమ దిగాలి. ఆ తరువాత లోపలి ముఖాన్ని జానెడు ఎత్తున నిప్పుల సెగకు పట్టి, గోధుమరంగు తిరిగేదాకా కాచి గట్టిపరచవచ్చు. కాచిన వెంటనే లాగితే మరీ ఎండి ఉన్న కట్టె పుటుక్కున విరుగుతుంది కాబట్టి, వారం పది రోజులు ఊరికే ఉంచి, వార్నిష్ వేసి, అప్పుడు తాడు ఎక్కించాలి. దసరాకు అందుతుంది.

వంటింట్లో గ్యాసు పొయ్యికి పక్కగా, అటక కింద రెండు మేకులు కొట్టి విల్లును అడ్డంగా పెట్టాను. చప్పుడుకు ఈవిడ లేచి వచ్చి, "నడిరాత్రి గిదేం పని, పొయ్యికాడ గా కట్టె ఎందుకు?" అని అడిగింది. చెప్పాను. కాసేపు చూసి, "పోపు చిటపట మీద పడకుండ కొంచెం పక్కకు జరుపున్రి" అని వెళ్ళిపోయింది. జరిపాను. పిడి మీద 480 కింద 512 అని, ఈ రోజు తేదీ రాశాను. రేపు బడికి వెళ్ళే ముందే చిన్నల్లుడికి ఫోన్ చేసి, వచ్చే ఆదివారం వచ్చి మూడో అంకె వాడినే తూచి రాయమని చెప్పాలి.