మైలుతుత్తాన్ని తట్టుకునే ఈగలు: తిరుపతిలో మేం చేసిన పరీక్ష

మామిడికి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), సున్నం కలిపిన బోర్డో మిశ్రమం కొట్టే చిత్తూరు వైపు మైలుతుత్తం తెలియని రైతు ఉండడు. అందులోని రాగిని తట్టుకునే శక్తి కీటకానికి జన్యువుల నుంచి ఎంత వస్తుందో తేల్చడానికి మేం ఎంచుకున్నది డ్రోసోఫిలా మెలనోగాస్టర్, మగ్గిన అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగ. మామిడికాయను పాడుచేసే పండు ఈగ వేరు.

తోటలో పట్టిన ఈగలను నేరుగా పరీక్షకు పెట్టకూడదు. రాగి ఒంట్లో చేరగానే ఎంటీఎఫ్-1 అనే ప్రోటీన్ మెటలోథయోనిన్ (రాగి లాంటి లోహాలను పట్టి ఉంచే చిన్న ప్రోటీన్లు) జన్యువుల పని పెంచేస్తుంది. అలా అప్పటికప్పుడు వచ్చిన బలాన్నీ, పుట్టుకతో వచ్చిన బలాన్నీ విడదీయలేం. అందుకే ఒక్కో ఆడ ఈగ సంతానాన్ని విడిగా, రెండు తరాల పాటు రాగి కలపని మేత మీద పెంచాం.

ఈగల మేతకు లీటరు నీటికి బెల్లం 100 గ్రాములు, గోధుమ రవ్వ 100, మేత గట్టిపడేందుకు అగర్ 10. ఉడికి, కాస్త చల్లారాక బూజు పట్టకుండా ప్రొపియోనిక్ ఆమ్లం 7.5 మి.లీ. బోరునీళ్లు వద్దు, అందులోని కార్బొనేట్లతో రాగి కలిసి అడుగున పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటరే వాడాలి. రవ్వలోని ప్రోటీన్లు కూడా రాగిని పట్టేస్తాయి కాబట్టి పరీక్ష మొత్తానికి ఒకే సంచి రవ్వ ఉండాలి. ల్యాబ్ గ్రేడ్ మైలుతుత్తం 24.97 గ్రాములు కరిగించి 100 మి.లీ.కి సరిచేస్తే 1 మోలార్ (గాఢత కొలమానం; అందులో వెయ్యో వంతు మిల్లీమోలార్) ద్రావణం. అది లీటరు మేతకు 1 మి.లీ. వేస్తే 1 మిల్లీమోలార్. మేం 0, 0.5, 1, 2 మిల్లీమోలార్లు పెట్టాం.

వయల్‌కు (చిన్న సీసాకు) 50 గుడ్లు, మోతాదుకు 5 వయల్స్, 25 డిగ్రీల ఇంక్యుబేటర్. ఇక్కడి ఎండకు బయట వదిలేస్తే మగ ఈగలు గొడ్డుపోతాయి. రాగి మేతలో ఎదుగుదల ఆలస్యమవుతుంది. పదో రోజుకే లెక్క కట్టేస్తే బతికేవాటిని చచ్చినవాటిలో కలిపేసినట్టే. వచ్చిన ఈగలను రోజూ తీసేస్తూ 20వ రోజు దాకా లెక్కించాలి.

రాగి తిన్న లార్వా పేగును అతినీలలోహిత కాంతిలో చూడండి. మధ్యపేగులో ఒక పట్టీ మాత్రం నారింజ రంగులో మెరుస్తుంది. మెటలోథయోనిన్ రాగిని పట్టి ఉంచిన చోటది.

మెటలోథయోనిన్లలో ముఖ్యమైన ఎంటీఎన్-ఏ ప్రోటీన్‌లో 40 అమైనో ఆమ్లాలే, వాటిలో 10 లోహాన్ని పట్టుకునే సిస్టీన్లు. ఈ జన్యువు రెట్టింపైన ఈగలు రాగిని ఎక్కువ తట్టుకుంటాయి. జన్యువు ప్రతులను లెక్కగట్టే క్యూపీసీఆర్ పరీక్షలో ప్రతులు రెట్టింపైతే సీటీ (డీఎన్‌ఏ కనిపించడానికి పట్టే చక్రాల సంఖ్య) తగ్గేది ఒక్కటే, పిపెట్ తడబడితే అదీ కనిపించదు. ప్రతి నమూనానూ పరీక్ష ప్లేటులోని మూడు గుంటల్లో నడపాలి. ప్రైమర్లను (పరీక్షలో జన్యువుకు అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలను) జన్యువు 3' చివర, ప్రోటీన్‌గా మారని భాగంలో పెట్టొద్దు: కొన్ని ఈగల్లో అక్కడ 49 బేసులు (డీఎన్‌ఏ అక్షరాలు) ఉండవు, జన్యువు ఉన్నా లేనట్టే ఫలితం వస్తుంది.